సైకిల్ యాత్రలు ఆగవు: చెమట లెక్క గురించి తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం భీమిలి సైకిల్ యాత్ర నుంచి తిరిగి వస్తుండగా ఋషికొండ దగ్గర మన ఎనిమిదో తరగతి విద్యార్థికి కళ్లు తిరిగిన సంగతి మీ అందరికీ తెలిసిందే. నీడన కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ తాగించాక తేరుకున్నాడు, సోమవారం యథాప్రకారం బడికి వచ్చాడు. ఇక యాత్రలే వద్దని వాట్సాప్ గ్రూపులో కొందరు రాశారు. మీ ఆందోళన సహజమే. అయినా యాత్రలు ఆపడం లేదు. ఇకపై ప్రతి పిల్లవాడి చెమట లెక్క, అంటే సైకిల్ తొక్కేటప్పుడు గంటకు ఎంత చెమట పోతుందో, తేలాకే దూరం పంపుతాం.

సైకిల్ తొక్కుతున్నంతసేపూ ఎదురుగాలికి చెమట ఆరిపోతూ ఉంటుంది కనుక ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో పిల్లలకు తెలియదు. ఆగిన తర్వాత మన సముద్రతీరపు ఉక్కకు చొక్కా ముద్దయిపోతుంది. కొలిచే పద్ధతి చాలా సులువు. బయలుదేరే ముందు మూత్రవిసర్జన చేసి, పలుచని బట్టలతో బరువు చూసుకోవాలి. తిరిగి వచ్చాక ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోవాలి. తగ్గిన కిలో అంటే దాదాపు లీటరు నీరు. దానికి దారిలో తాగినది కలిపి, మధ్యలో మూత్రానికి వెళ్లి ఉంటే ఆ మేరకు తీసేసి, గంటలతో భాగించాలి.

మన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు ఈ లెక్కను ఎంత శ్రద్ధగా చేశారో మీరు చూసి ఉండవలసింది. ఒకామె 46.2 కిలోల నుంచి 45.5కు తగ్గింది, రెండు గంటల్లో అర లీటరు తాగింది. అంటే గంటకు 600 మిల్లీలీటర్ల చెమట. పక్కనే తొక్కిన స్నేహితురాలికి 350 మాత్రమే. అందరికీ ఒకే కొలత పనికిరాదని గ్రాఫు కాగితం మీద గీసి చూపించిన ఆ పిల్లలను చూస్తే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. బరువు పెరిగితే అతిగా తాగినట్టేననీ, రక్తంలో సోడియం పలచబడటం కూడా ప్రమాదమేననీ వాళ్లే తరగతికి వివరించారు. శరీర బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా, పావుగంటకోసారి కొద్దికొద్దిగా తాగించడం మా లక్ష్యం.

ఇక ఇంటి వైపు నుంచి కొంత సహకారం కోరుతున్నాను. కాఫీ ఒక్కటే తాగించి పంపడం, సీసాలో కూల్‌డ్రింక్ నింపడం, మూత తీస్తే వాసన వచ్చే సీసాలు ఇవ్వడం దయచేసి మానండి. "దారిలో బాత్రూమ్ ఉండదు, నీళ్లు తక్కువ తాగు" అని ఆడపిల్లలకు చెప్పి పంపుతున్నారని తెలిసి చాలా బాధ కలిగింది. ఆగే ప్రతి చోటా మరుగుదొడ్డి ఉందో లేదో ముందే చూసుకునే దారి నిర్ణయిస్తున్నాం. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇవ్వండి. ఓఆర్‌ఎస్ పొడి ఇస్తే, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి; లీటరు ప్యాకెట్టును గ్లాసులో కలిపేయకండి.



తర్వాతి యాత్ర సమ్మతిపత్రంలో ఈసారి ఉదయం ఏం తిన్నారో రాయడానికి ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే సైకిల్ గేటు దాటదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు