చెస్ సంఘం వార్షిక నివేదిక: 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో ఏడాది పని లెక్క అప్పజెప్పడం కార్యదర్శిగా నా బాధ్యత. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

అంతర్గత లీగ్, ఒక ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే ఆట) పోటీ అనుకున్న తేదీల్లోనే జరిగాయి. ఫలితాలు నోటీసు బోర్డులో చూసే ఉంటారు. ర్యాపిడ్‌లో ఒక్క వివాదం కూడా రాలేదంటే ఆ ఘనత ఆర్బిటర్ (ఆట నిర్ణేత) గారిది. రోజంతా నిలబడే ఉన్నారు, ఒక్కరి మీదా గొంతు పెంచలేదు. ఆయనకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది మాత్రం ఓడిన ఆటల శిబిరం.

దాని ఆలోచన 2024 డిసెంబరు 12న పుట్టింది. సింగపూర్‌లో మన గుకేశ్ నల్లపావులతో, చైనాకు చెందిన అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ తెల్లపావులతో ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆటను హాల్లో అందరం కలిసి చూశాం. డింగ్ 55వ ఎత్తులో రూక్‌ను (నిలువుగా, అడ్డంగా కదిలే పావును) ఎఫ్2 గడికి జరపగానే ఇంజిన్ (ఎవరిది పైచేయో లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) అంకె తలకిందులైంది, హాలంతా ‘బ్లండర్’ (ఘోరమైన తప్పు) అని అరిచింది. ఎందుకు బ్లండరో చెప్పమంటే వెంటనే చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. రూక్‌లు మారాక (ఒకదానికొకటి చంపుకున్నాక) గుకేశ్ బిషప్‌ను (ఐమూలగా కదిలే పావును) డి5 గడికి తెచ్చాడు. మూలన చిక్కిన తెల్ల బిషప్‌కి తప్పుకునే దారి లేదు. బిషప్‌లూ మారిపోతే మిగిలే బంట్ల ఎండింగ్ (ఆట చివరి దశ) నల్లపావులదే. తాను కూడా మొదట వేరే ఎత్తు వేయబోయానని గుకేశే తర్వాత చెప్పాడు. అంత సులువుగా కనబడేది కాదది. తెర మీద అంకె చూసి మాట్లాడే అలవాటు మనలో ఎంత పెరిగిందో ఆ సాయంత్రం అర్థమైంది.

అందుకే రెండు రోజుల శిబిరం పెట్టాం. ఎవరైనా సరే తాము ఓడిన ఆటనే తేవాలి. మొదటి రోజు ఇంజిన్ తెరవకూడదు. ఆడినవాళ్లే ముందు బోర్డు దగ్గర నిలబడి, ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నారో, దేనికి భయపడ్డారో చెప్పాలి. మిగతావాళ్లు ఆ తర్వాతే నోరు విప్పాలి. గెలిచిన ఆటలు చూపిస్తామని కొందరు పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి తెచ్చిన ఆట దగ్గరే మొదటి రోజు సగం గడిచింది. రూక్ ఎండింగ్, ఎదుటివాళ్లకు ఈ-బంటు (బోర్డు నడిమి ‘e’ నిలువు వరుసలోని బంటు) ఒకటి ఎక్కువ, ఈమె రాజు బంటుకు ఎదురుగానే ఉంది. రూక్‌ను తన మూడో వరుసలో కాపలా పెట్టి, బంటు ఆ వరుసలోకి రాగానే రూక్‌ను బోర్డు అవతలి చివరకు పంపి వెనక నుంచి చెక్‌లు ఇస్తూ పోతే డ్రా. ఫిలిడోర్ పొజిషన్ అంటామే, అదే. ఆ అమ్మాయి రూక్‌ను తన రాజు పక్కకు, చివరి వరుసకు లాక్కుంది. అంచుకు దగ్గరున్న జి-బంటయితే అలా కూర్చున్నా నిలబడేది, ఈ-బంటు ముందు నిలబడలేదు.

‘ఫిలిడోర్ రాదా?’ అని ఒకరు అడిగారు. వచ్చు. బోర్డు మీద పెట్టి చూపించింది కూడా. మరి ఎందుకలా ఆడిందన్నది ఆమె స్కోర్‌షీట్‌లో (ఎత్తులు రాసుకునే కాగితంలో) దొరికింది. ప్రతి ఎత్తు పక్కన గడియారం సమయం రాసుకుంది, అది నిబంధనలు ఒప్పుకునేదే. తనకు బాగా తెలిసిన ఓపెనింగ్‌లో (ఆట మొదటి దశలో), 14వ ఎత్తు దగ్గర 27 నిమిషాలు ఖర్చు పెట్టింది. ఎండింగ్ వచ్చేసరికి ప్రతి ఎత్తుకు గడియారంలో కలిసే 30 సెకన్ల మీదే బతుకుతోంది. ఆ టెన్షన్‌లో రూక్‌ను దగ్గరికి లాక్కోవడమే క్షేమమనిపించిందని తనే చెప్పింది. రెండో రోజు ఇంజిన్ తెరిస్తే తప్పు రూక్ ఎత్తు దగ్గర చూపించింది. అదీ నిజమే, కానీ ఓటమి మొదలైంది 14వ ఎత్తు దగ్గర. ఆ సంగతి ఆ కాగితం, ఆ అమ్మాయి నోరు తప్ప ఇంకేదీ చెప్పలేదు. ఈ ఒక్క ఆట కోసమైనా శిబిరం పెట్టడం సార్థకమైందని నా నమ్మకం.

ఇక మనసులో ఉన్నది దాచుకోలేను. శిబిరానికి వస్తామని పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది రాలేదు, రావడం లేదని ఫోన్ కూడా చేయలేదు. బోర్డులు సర్దడం, గడియారాలు సెట్ చేయడం, గేములు కంప్యూటర్‌లోకి ఎక్కించడం అన్నీ నలుగురే చేశారు. హాలు అనుమతి కోసం సంబంధిత అధికారి కార్యాలయానికి మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం. రెండుసార్లు కాగితం కనబడలేదన్నారు, మూడోసారి సంతకం శిబిరం ముందురోజు సాయంత్రం అయింది. ఎవరినీ కించపరచాలని కాదు, పిల్లలు ముందురోజు దాకా ‘ఉందా, లేదా’ అని అడుగుతుంటే జవాబు చెప్పలేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిట్ పూర్తయింది. అప్పు లేదు. కోశాధికారి గారికి కృతజ్ఞతలు.

రెండు రోజులూ అందరికంటే ముందొచ్చి తాళం తీసిన పెద్దాయనకు, గడియారాలు అరువిచ్చిన మిత్రులకు, శిబిరానికి పిలవగానే వచ్చి తమ వైపు ఆలోచన కూడా చెప్పిన ప్రత్యర్థి ఆటగాళ్లకు పేరుపేరునా ధన్యవాదాలు. గెలిచినవాళ్లు కూడా ఆ ఫిలిడోర్ డ్రా చూసి ఆశ్చర్యపోయారు.

శిబిరంలో చూసిన ఆటలన్నీ ఆటగాళ్ల సొంత వ్యాఖ్యలతో ఒక ఫైలుగా చేస్తున్నాం. పదకొండు ఆటలకు ఇంకా వ్యాఖ్యలు రాలేదు. ఆ సభ్యులు ఈ నెలాఖరులోగా చేతిరాతతోనైనా సరే ఇవ్వాలని, వచ్చే శిబిరానికి నిజంగా రాగలిగినవాళ్లే వాలంటీర్లుగా పేర్లివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి