కె.ఎల్.రావు గారి గురించి అడిగితే సాయం చేసిన అందరికీ నమస్కారాలు

జూలై 15న మా స్కూల్లో, ఇంజనీరుగా ఉండి తర్వాత కేంద్ర మంత్రి అయిన డాక్టర్ కానూరి లక్ష్మణరావు (కె.ఎల్.రావు) గారి జయంతికి పిల్లలకి ఆయన గురించి చెప్పాలి, వివరాలు ఉంటే పంపండి అని అడిగాను కదా. ఇంతమంది స్పందిస్తారని నిజంగా అనుకోలేదు. కార్యక్రమం బాగా జరిగింది, గంట అనుకున్నది గంటన్నర అయ్యింది. అందరికీ పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ చాలామంది పేర్లు వద్దన్నారు, అందుకే ఇలా.

ముందు ఆ రిటైర్డ్ ఇంజనీరు గారికి. నేను రాసుకున్న కాపీలో "కేంద్ర మంత్రిగా ఉండి నాగార్జున సాగర్ డిజైన్ చేశారు" అని ఉంది. అది చదివి ఆయన రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి, అమ్మా, వరస తిరగబడింది అన్నారు. సాగర్‌కి నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, అప్పటికి రావు గారు మంత్రి కాదు, ఎంపీ కూడా కాదు, సెంట్రల్ వాటర్ అండ్ పవర్ కమిషన్‌లో ఇంజనీరు. విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచింది 1962లో, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యింది ఆ తర్వాత ఏడాది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్లు వదిలేనాటికి, ఇంజనీరుగా తాను పనిచేసిన ఆ ప్రాజెక్టు శాఖకే ఆయన మంత్రి! ఈ వరస తెలియకపోతే ఆయన గొప్పతనం సగం కూడా అర్థం కాదని నాకు ఆ ఫోన్‌లోనే తెలిసింది. తప్పు చెప్పకుండా కాపాడారు సార్, మర్చిపోను.

డ్యామ్‌ని రాతికట్టుగా ఎందుకు కట్టారో కూడా ఆయనే చెప్పారు. పెద్ద మెషీన్లు బయటి దేశాల నుంచి తెప్పించుకునే డబ్బు లేని రోజులు, పని దొరికితే చాలనుకునే మనుషులు మాత్రం వేలల్లో ఉన్నారు. మా అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో అక్కడ రాళ్లు మోసింది. అంతమందిని ఎందుకు పెట్టుకున్నారో ఆమెకి అప్పుడు ఎవరూ చెప్పి ఉండరు, ఈసారి ఊరెళ్లినప్పుడు నేను చెప్తాను.

ఢిల్లీలో ఉంటున్న చెల్లి ఆఫీసుకి సెలవు పెట్టి మరీ లైబ్రరీకి వెళ్లి, రావు గారు ప్రతిపాదించిన గంగా-కావేరి నదుల అనుసంధానం కాగితాలు ఫొటోలు తీసి పంపింది. 1972 నాటి ఆ ప్రతిపాదనలో 2,640 కిలోమీటర్ల పొడవు, పాట్నా దగ్గర గంగ నుంచి ఏడాదికి 150 రోజులు 60,000 క్యూసెక్కులు తీసుకోవడం. క్యూసెక్కు అంటే ఏంటి టీచర్ అని ఒక పిల్ల అడిగింది, సెకనుకి సుమారు 28 లీటర్లు, అంటే మన 20 లీటర్ల వాటర్ క్యాన్లు దాదాపు ఒకటిన్నర అని చెప్పాను. క్లాసంతా లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. ఆ నీళ్లని ఎత్తి పోయడానికి కరెంటు విపరీతంగా కావాలి, ఖర్చు భరించలేమని పక్కన పెట్టేశారు, అదీ చెప్పాను. మంత్రి అనుకున్నవన్నీ జరగవని పిల్లలకి తెలియాలి.

చిన్నప్పుడే ఒక కంటి చూపు పోయినా బర్మింగ్‌హామ్ దాకా వెళ్లి 1939లో డాక్టరేట్ తెచ్చుకున్నారని చెప్పినప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు. పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారని మా పిల్లల్లో చాలామందికి ఆ రోజే తెలిసింది.

కంకిపాడు వెళ్లి ఆయన పుట్టిన ఊరి ఫొటోలు తీసి పంపిన తమ్ముడికి, ఛార్టులు ఉచితంగా ప్రింట్ చేసిచ్చిన షాపు అన్నయ్యకి కూడా చాలా చాలా థాంక్స్.

మేస్టారూ, మీరిచ్చిన రావు గారి ఆత్మకథకి అట్ట వేసి ఉంచాను. ఆదివారం పొద్దున్నే తీసుకొస్తాను. ఇద్దరు పిల్లలు కూడా వస్తామంటున్నారు, మీతో మాట్లాడాలట.