నాన్న భుజం మీది చెయ్యి

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే తోకలేని హనుమంతుడా,

నన్ను తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. మార్చిలో నువ్వు రాసిన ఉత్తరానికి ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నాను. కారణాలు చెప్పమంటే నాలుగైదు చెప్పగలను, అన్నీ అబద్ధాలే. క్షమించు. మా పెద్దమ్మ కొడుకు ఈ సాయంత్రం మీ విశాఖకు బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరమూ, కవరులో ఒక ఫోటోవూ, డబ్బాలో కారప్పొడీ వాడి చేతికిస్తున్నాను. డబ్బా మాత్రం వాడి ముందే మూత తీసి చూసుకో. ఎందుకో నీకు తెలుసు.

క్షేమ సమాచారాలు ముందే ముగిస్తాను. అందరం బాగున్నాం. తుంగభద్రలో నీళ్లు వచ్చాయి. నా బదిలీ ఆగింది. చిన్నదానికి ముందుపళ్లు రెండూ ఊడి, నన్ను "నాన్న" అనబోయి ఇంకేదో అంటోంది. ఉల్లిగడ్డల సంగతి అడగకు. అంతే.

ఇక అసలు సంగతి. మా చిన్నాన్నను నేను చెరిపేశాను.

కంగారు పడకు, ఫోటోలోంచే. కాకపోతే పూర్తిగా చెరపలేకపోయాను. చెయ్యి మిగిలిపోయింది.

మొదటినుంచీ చెబుతాను. నాన్న షష్టిపూర్తికి ఆయన పెళ్లి ఫోటోను పెద్దది చేయించి హాల్లో పెట్టాలనుకున్నాం. 1987 నాటిది, ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల పొడవు. నీకు గుర్తుండాలి, మీరు కొట్టిన బంతి తగిలి ఒకసారి కింద పడింది. "మీరు" అన్నానని ఇప్పుడు కొత్తగా గొడవపడకు. 2009 అక్టోబరు 2న ఊరంతా మునిగినప్పుడు ఆ ఫోటో గోడకే వేలాడుతూ ఉండిపోయింది. నీళ్లు సరిగ్గా ఫోటోలో నాన్న మోకాళ్ల దాకా వచ్చి ఆగాయి. ఆ కిందంతా ఒండ్రు మరక. ఒక మూల అద్దానికి అంటుకుపోయింది. పైభాగం మునగకపోయినా, ఏళ్లు గడిచి ఎర్రగా వెలిసిపోయింది. పెళ్లివారంతా ఇటుకబట్టీ ముందు నిలబడ్డట్టు ఉన్నారు.

ముందు ఫోనుతో ఫోటో తీసి చూశాను. అద్దంలో ట్యూబులైటు, దాని పక్కన నా ముఖం! నా తల్లిదండ్రుల పెళ్లికి నేనూ హాజరైనట్టు పడింది. అది పనికిరాదని జిరాక్సు షాపులో స్కాన్ చేయించాను. అంటుకున్న ఫోటోను అద్దం నుంచి పీకాలని చూడకురా. రంగు పొర అద్దానికే ఉండిపోయి, తెల్ల కాగితం చేతికొస్తుంది. అద్దాన్ని తుడిచి, దానితో సహా స్కానర్ మీద పెట్టించాను. అంగుళానికి 600 చుక్కలు పెట్టమన్నాను. ఆ కుర్రాడు "300 చాలన్నా" అన్నాడు. చాలదు. 600 పెడితే 3600 బై 4800 చుక్కల బొమ్మ వస్తుంది. దాన్ని అంగుళానికి 300 లెక్కన అచ్చు వేస్తే పన్నెండు బై పదహారు అంగుళాల పటం అవుతుంది, మసకబారకుండా. మన లెక్కల సారు వింటే ఆ కుర్చీలోంచి లేచేవారు, పాపం.

ఫోటోలు సరిదిద్దడానికి వాడిన సాఫ్ట్‌వేర్ గింప్. ఫోటోషాప్‌కు డబ్బు కట్టాలి, ఇది ఉచితం. 1995లో అమెరికాలో, బర్క్లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారట. మనం ఆ వయసులో ఏం చేశామో మళ్లీ గుర్తు చేయను. తెరవగానే నోట కుంచె కరచుకున్న ఒక జంతువు బొమ్మ కనిపిస్తుంది. అచ్చం నీలాగే ఉంటుంది, నవ్వుతో సహా.

అందులో లెవెల్స్ అని ఒకటుంది. నువ్వు నేర్చుకుంటే ముందు అదే నేర్చుకో. తెరిస్తే ఒక కొండ బొమ్మ కనిపిస్తుంది. ఎడమ చివర సున్నా, అంటే కటిక నలుపు. కుడి చివర 255, అంటే తెలుపు. ఫోటోలో ఏ వెలుగు ఎంత ఉందో ఆ కొండ ఎత్తు చెబుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా చూడవచ్చు. మన ఫోటోలో ఎర్రకొండంతా కుడివైపు కుప్పపడి ఉంది, ఎడమవైపు ఒట్టి మైదానం. కొండ కింద ఎడమ చివర ఒక చిన్న ముల్లు ఉంటుంది. దాన్ని కొండ మొదలయ్యే చోటికి జరిపాను. అంతేరా, ఎరుపు దిగిపోయింది! ఆకుపచ్చకూ నీలానికీ అలాగే చేశాను. అమ్మ పెళ్లి చీర ఇటుకరంగని నా జన్మంతా అనుకున్నాను. అది చిలకపచ్చ. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "చెబితే ఎవరైనా విన్నారా" అని నాన్నవైపు తిరిగింది. ఎన్నేళ్ల కేసో మరి!

ఆ ఊపులో చేసిన తప్పులు కూడా రాస్తాను, నవ్వుకో. హీల్ అని ఒక పరికరం ఉంది. మచ్చమీద రుద్దితే చుట్టుపక్కల రంగుతో కలిపి మాన్పేస్తుంది. బూజు చుక్కలన్నీ మాన్పుతూ మాన్పుతూ అమ్మ బుగ్గచుక్కను కూడా మాన్పేశాను. పెళ్లికూతురి బుగ్గచుక్క! అదృష్టవశాత్తు చేసినదాన్ని వెనక్కి తీసుకునే మీట ఉంది. జీవితంలో లేదు గానీ అందులో ఉంది. ఇంకొకటి, పదును పెంచే పని ఆఖర్న చేయాలి, అదీ కొంచెమే. నేను ఉత్సాహంకొద్దీ పెంచితే ప్రతివాడి తల చుట్టూ తెల్లగా వెలుగు వచ్చింది. బంధువులంతా కాలెండరు దేవుళ్లయిపోయారు. మా బంధువుల్లో అంత యోగ్యత ఎవరికుందో నువ్వే చెప్పు.

అప్పుడు అమ్మ అడిగింది, "ఆ మిషన్లో మీ చిన్నాన్నను తీసెయ్యడం కుదురుతుందా?"

చిన్నాన్న వాళ్లకూ మాకూ మధ్య ఉన్న గోడ సంగతి నీకు తెలుసు. రెండడుగులు వాళ్లవైపు జరిగిందా మనవైపు జరిగిందా అన్నది నాలుగేళ్లుగా తేలలేదు. నేను కుదరదని చెప్పి ఉండవలసింది. ఒట్టు, చెప్పబోయాను. కానీ అప్పుడే క్లోన్ నేర్చుకున్నాను, చేతులు ఊరుకోలేదు. కంట్రోల్ మీట పట్టుకుని ఒకచోట నొక్కితే అక్కడి బొమ్మను ఎత్తుకుని, వేరేచోట పులమవచ్చు. చాప మీది ఒండ్రు మరకంతా అలాగే కప్పాను. మొదట ఒకే చోటునుంచి ఎత్తుకోవడంతో చాప మీది పువ్వు కవాతు చేస్తున్న పోలీసుల్లా వరసకట్టింది. చోటు మారుస్తూ ఉండాలని తర్వాత తెలిసింది.

చిన్నాన్న నాన్నకు కుడిపక్కన నిలబడి ఉన్నారు. ఎడమపక్క పందిరి గుంజకు కట్టిన అరటిచెట్టు ఉంది. ఆ చెట్టును ఎత్తి, అద్దంలో బొమ్మలా తిప్పి, చిన్నాన్న మీద పెట్టేశాను. తిప్పకపోతే కవలలని ఎవరైనా పట్టేస్తారు. తిప్పితే నీడ తప్పువైపు పడింది, దాన్ని మళ్లీ సరిదిద్దాను. అంచులకు మెత్తని కుంచె వాడాను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఒక్క మంచిపని చేశాను. ఇదంతా అసలు బొమ్మ మీద కాకుండా, దానిపైన విడిగా ఒక లేయర్ మీద చేశాను. ఫోటో మీద పల్చటి గాజు పలక పెట్టి దానిమీద రంగు వేసినట్టన్నమాట. లేయర్లు పెరిగేకొద్దీ ఫైలు యాగంటి బసవన్నలా పెరిగింది. పెరగనీలే అనుకున్నాను.

తెల్లారి అచ్చు వేయించి, చట్రం కట్టించి హాల్లో పెట్టాం. అమ్మ చూసి తల పంకించింది. నాన్న చూసి, ఎడమచేత్తో కుడి భుజం ఒకసారి తడుముకుని, పేపరు తీసుకున్నారు. నాకు అప్పుడేమీ తోచలేదు.

షష్టిపూర్తి రోజు పొద్దున చిన్నాన్న వచ్చారు. ఎవరు పిలిచారంటే ఎవరూ నోరు విప్పరు. నాన్నే పిలిచారని నా అనుమానం. అందరూ ఉగ్గాని తింటున్నారు. చిన్నాన్న కూడా పళ్లెం పట్టుకుని ఫోటో దగ్గరికి వెళ్లారు. చాలాసేపు చూశారు. పళ్లెం కిటికీలో పెట్టారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇది నా ఉంగరం" అన్నారు.

నేను వెళ్లి చూశాను. నాన్న మెడలో పూలదండ, దాని పక్కనే, జరీ కండువా మీద నాలుగు వేళ్లు. మధ్యవేలి పక్క వేలికి పగడపు ఉంగరం! రెండు వందల శాతం పెద్దది చేసుకుని పనిచేస్తున్నప్పుడు దండ పువ్వుల్లో కలిసిపోయింది. అప్పుడప్పుడు చిన్నది చేసి మొత్తం బొమ్మను చూడాలిరా. అది చేయలేదు. ఇప్పుడెలా ఉందంటే, అరటిచెట్టు మా నాన్న భుజం మీద చెయ్యి వేసి పెళ్లి ఫోటో దిగింది.

చిన్నాన్న తన చెయ్యెత్తి ఫోటో పక్కన పెట్టారు. అదే ఉంగరం. హాల్లో చెంచా చప్పుడు కూడా లేదు. నేను గోడలోకి దూరిపోయే దారి వెతుక్కుంటున్నాను, అది ఎవరివైపు గోడయినా సరే. అప్పుడు అమ్మ, ఏమాత్రం తొణక్కుండా, "ఏం మరిదీ, అరటిచెట్టుకు హస్తాలుండవా?" అంది.

మొదట నవ్వింది నాన్న. నాన్న గట్టిగా నవ్వడం నువ్వెప్పుడైనా విన్నావా? నేను వినలేదు. తర్వాత చిన్నాన్న. పొలమారి దగ్గుతూ, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. పిన్ని మాత్రం నవ్వలేదు, ఆమె సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

నేను వెంటనే లాప్‌టాప్ తెచ్చాను. లేయర్ పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పొర కనిపించకుండా పోతుంది. నొక్కాను. అరటిచెట్టు పోయి చిన్నాన్న వచ్చారు, నిండు జుట్టుతో. మళ్లీ నొక్కాను, అరటిచెట్టు. చిన్నాన్న లాప్‌టాప్ లాక్కుని తనే ఇరవైసార్లు నొక్కి ఉంటారు. "ఉన్నాను, లేను, ఉన్నాను, లేను" అంటూ. పక్కనే మా చిన్నది, ఆ పళ్లు లేని నోటితో, అదే పాట. ఆ తర్వాత చిన్నాన్న నా చెవి దగ్గరికి వంగి, "ఆ బెల్‌బాటం ప్యాంటు మార్చడం కుదురుతుందా?" అని అడిగారు. కుదరదని చెప్పాను. ఇకమీదట అన్నీ కుదరవు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక నాన్న వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను. "నాకు మొదటిరోజే కనిపించింది" అన్నారు. మరి చెప్పలేదేమని అడిగితే, కాసేపు ఆగి, "ఉండనీ అనుకున్నాను" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. నేను కూడా... సరే, అది నువ్వు వచ్చినప్పుడు.

గోడ అలాగే ఉంది. కొలిచేవాళ్లు మళ్లీ వచ్చే నెల వస్తారట.

నువ్వు మార్చిలో అడిగింది మరిచిపోలేదు. అత్తయ్యగారి ఫోటో కదా, బ్యాంకు పుస్తకం మీది పాస్‌పోర్టు సైజుది. దాని మీద రబ్బరు స్టాంపు సిరా ఉందన్నావు. చెంప దాకా వచ్చి ఉంటే అంతటికీ హీల్ వాడకు. జుట్టూ చర్మమూ కలిసే అంచు దగ్గర అది రెండు రంగులనూ కలిపి నలిపేస్తుంది. అంచుల్లో క్లోన్, చెంప మధ్యలో హీల్. చిన్న ఫోటో కాబట్టి 1200 పెట్టి స్కాన్ చేయించు. చేయగానే ఒక నకలు తీసి పక్కన పెట్టు. పని చేస్తున్నంతకాలం గింప్ సొంత ఫైలుగానే దాచు, అప్పుడే లేయర్లు విడివిడిగా ఉంటాయి. జేపెగ్ అనే మామూలు ఫోటో ఫైలుగా మార్చావంటే అన్నీ ఒక్క పొర అయిపోతాయి, పైగా తెరిచి మార్చి దాచిన ప్రతిసారీ కాస్త కాస్త నాణ్యత పోతుంది. అచ్చుకు వెళ్లేముందు ఒకేసారి మార్చు. కన్ను దగ్గర సిరా పడి రెప్ప కనిపించకపోతే మాత్రం నువ్వు గీయకు. రెండో కన్నునుంచి తెచ్చి పెట్టవచ్చు, కానీ అత్తయ్యగారికి ఎడమకన్ను కొంచెం చిన్నది కదా, నవ్వినప్పుడు. నాకు గుర్తుంది. కుదరకపోతే స్కాన్ చేసి నాకు పంపు, ఇద్దరం కూర్చుని

వాడు వచ్చేశాడు. బయట ఆటో పెట్టుకుని అరుస్తున్నాడు. కవరులో ఉన్నది అరటిచెట్టు ఉన్న ఫోటో. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు, ఒకటి నీకు పంపమంది. చెయ్యి ఎక్కడుందో వెతుక్కో. మిగతాది రాత్రికి ఫోన్లో

నీ
గంట కొట్టినవాడు