ఆ సీసాలో నీళ్లు ఏ బోరువో చెప్పించండి, మంత్రిగారూ

రాష్ట్రంలో తాగునీటి వ్యవహారాలు చూస్తున్న మంత్రిగారికి,

అయ్యా, నమస్కారం.

పశ్చిమ ప్రకాశంలోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా కాలనీ బోరు గురించి ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను. నాలుగు రసీదులూ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి. నాలుగింటికీ నా ఫోన్‌కి ఒకటే మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించడమైనది’ అని. పరిష్కారమైన సంగతి మా బోరుకి ఇంకా తెలిసినట్టు లేదు.

ఊరి పేరు రాయడం లేదు. ల్యాబ్ పేరూ రాయను. రాస్తే రేపొద్దున ఎవరో ఒక చిన్న ఉద్యోగి మీద పడతారు, నీటి పరీక్షల పట్టికలో అంకె మాత్రం కదలదు. నాకు కావాల్సింది ఆ అంకె కదలడం.

పోయిన వేసవిలో మా ఊళ్లో నాలుగు చోట్ల నీటి శాంపిళ్లు తీశారని రికార్డులో ఉంది. చెరువుకట్ట కింద బోరు, బడి దగ్గర చేతిపంపు, రామాలయం వెనక బోరు, ఎస్సీ కాలనీ బోరు. ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ లీటరుకు వరసగా 0.84, 0.85, 0.84, 0.85 మిల్లీగ్రాములు. ప్రమాణం ప్రకారం 1.0 లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. కాబట్టి నాలుగు చోట్లా నీళ్లు సురక్షితమే. పచ్చ రంగు వేశారు.

అయ్యా, కాలనీ బోరు నీళ్లు ఒకసారి నోట్లో పోసుకున్నవాళ్లెవరూ అవి చెరువు బోరు నీళ్లతో సమానం అనరు. చెరువు బోరుది సప్పగా, తియ్యగా ఉంటుంది. కాలనీ బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అయినా రికార్డులో ఫ్లోరైడే కాదు, ఉప్పు, గట్టిదనం, పీహెచ్ అన్నీ నాలుగు వరసల్లోనూ కవల పిల్లల్లా ఉన్నాయి. నాలుగు బోర్లూ అక్కచెల్లెళ్లే అనుకున్నా, అక్కచెల్లెళ్లు కూడా ఇంత ఒకేలా ఉండరు కదండీ.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. కాలనీ బోరు శాంపిల్ తీసిన తేదీ మే 21 అని రాశారు. మే రెండో వారంలో ఆ బోరు మోటారు కాలిపోయింది. పైపులన్నీ పైకి లాగి, మోటారును ఆటోలో ఒంగోలు తీసుకెళ్లి వైండింగ్‌కి ఇచ్చారు. మళ్లీ దించింది పంతొమ్మిది రోజుల తర్వాత, అంటే జూన్ మొదట్లో. పంచాయతీ వోచరు జిరాక్స్ నా దగ్గరుంది, దానిమీద తేదీలున్నాయి. మే 21న కాలనీలో ఆడవాళ్లు బిందెలెత్తుకుని కట్ట కింద కుళాయికి వరసలో నిలబడ్డారు. ఆ వరసలో నేనూ ఉన్నాను. మోటారు లేని బోరు నుంచి మీ సిబ్బంది నీళ్లు ఎలా పట్టారో ఆ విద్య మాకూ నేర్పితే, కరెంటు బిల్లు మిగులుతుంది.

ఇదే ముక్క రెండో అర్జీలో రాశాను. జవాబు ఏమొచ్చిందో యథాతథంగా ఇస్తున్నాను: ‘రికార్డు పరిశీలించగా సదరు బోరు నందు ఫ్లోరైడ్ పరిమితి లోపు ఉన్నది. కావున అర్జీ పరిష్కరించడమైనది.’ రికార్డు తప్పు అని నేను రాస్తే, రికార్డు చూసి రికార్డు కరెక్టే అన్నారు. ఇంట్లో కాటా తప్పు తూస్తోందని షాపుకి తీసుకెళ్తే, అదే కాటా మీద అదే కాటాను తూచి సరిగ్గానే ఉందన్నట్టు.

మూడోసారి ఇంజినీరు గారిని కలిశాను. ఆయన మంచిగానే మాట్లాడారు, కాఫీ ఇప్పించారు. “డేట్ తప్పు పడి ఉంటుంది మేడమ్, వాల్యూ మాత్రం కరెక్టే” అన్నారు. తేదీ తప్పు పడినచోట అంకె తప్పు పడలేదని ఎలా తెలుసండీ అని అడిగాను. “ల్యాబ్ వాల్యూ కదా మేడమ్” అన్నారు. పోనీ తేదీ అయినా దిద్దండి అంటే, ఎంట్రీ లాక్ అయిపోయింది, పైనుంచి తెరవాలి అన్నారు. పైన అంటే ఎవరు అని అడిగితే, చేత్తో సీలింగ్ వైపు చూపించారు. అక్కడ ఫ్యాను తిరుగుతోంది.

శాంపిళ్లు తీసిన కుర్రాడిని కూడా వెతికి పట్టుకున్నాను. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. నన్ను చూడగానే భయపడ్డాడు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెడితే చెప్పాడు. ఆ రోజు తొమ్మిది ఊళ్లు తిరగాలి. సొంత బండి, పెట్రోలు డబ్బులు రెండు నెలల నుంచి రాలేదు. మా ఊరికి వచ్చేసరికి కరెంటు లేదు. చేతిపంపు కొడితే గాలి వచ్చింది. ఓవర్‌హెడ్ ట్యాంకులో చెరువు బోరు నీళ్లు ఉన్నాయి, కుళాయి తిప్పితే వచ్చాయి. నాలుగు సీసాలూ అక్కడే నింపి, సాయంత్రం ల్యాబ్ గుమ్మంలో కూర్చుని నాలుగు పేర్లూ రాశాడు. “నీళ్లు రాలేదు అని రాసే చోటు ఫారంలో లేదు మేడమ్. ఖాళీ సీసా తీసుకెళ్తే జీతం కోస్తారు.”

వాడి మీద నాకు కోపం లేదు. మీకూ వద్దు, దయచేసి.

ఇక్కడ మీకొక చిన్న సంగతి చెప్పాలి, టీచరు బుద్ధి పోనివ్వదు. ల్యాబ్ నిలకడగా కొలుస్తోందో లేదో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. ఒకే నీళ్లను రెండు సీసాల్లో పట్టి, వేరే వేరే నంబర్లు వేసి, సంగతి చెప్పకుండా పంపుతారు. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా వస్తే ఆ విషయంలో ల్యాబ్‌ను నమ్మవచ్చు. మా ఊరి నీళ్లతో ఆ పరీక్ష ఎవరూ అనుకోకుండానే జరిగిపోయింది. రెండు కాదు, నాలుగు సీసాలు. 0.84, 0.85, 0.84, 0.85. ల్యాబ్ ఫస్ట్ క్లాసులో పాసయింది! కాబట్టి ల్యాబ్‌కి సర్టిఫికెట్ ఉంది, మెషిన్ కొత్తది, కెమిస్టు ఎమ్మెస్సీ అని ఇకమీదట నాకెవరూ చెప్పక్కర్లేదు. ఆ అంకెను నేను కాదనను. కాకపోతే అది ట్యాంకు నీళ్ల అంకె, కాలనీ బోరు పేరు పక్కన కూర్చుంది.

చెరువు బోరు లోతు తక్కువ, వానలు పడితే ఆ ఊట మారుతుంది. కాలనీ బోరు మూడు వందల అడుగులు పైనే, గట్టి రాయిలో. మా వైపు రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. ఆ రాతి పగుళ్లలో నీళ్లు ఎంతకాలం నిలిస్తే అంతగా కరుగుతుంది. ఆ రెండు బోర్లకూ ఒకే అంకె రాగానే ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి అనుమానం రావాలి కదా? ల్యాబ్‌లో రాలేదు, మండలంలో రాలేదు, జిల్లాలో రాలేదు. పైకి పోయేకొద్దీ గ్రాఫు ఇంకా అందంగా తయారైంది.

నైట్రేట్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నాలుగు వరసల్లోనూ 0. పశువుల కొట్టాల మధ్య ఉన్న చేతిపంపులో నైట్రేట్ సున్నా అంటే, నేను క్లాసులో ఏ పిల్లవాడు రాసినా ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. ఆరా తీస్తే, ఆ నెల ఆ పరీక్షకు కావాల్సిన మందు అయిపోయిందట. ఖాళీ వదిలితే కంప్యూటర్ తీసుకోదట, అందుకని సున్నా కొట్టారట. చూడలేదు అనడానికీ, చూశాం కానీ మెషిన్‌కి అందనంత తక్కువగా ఉంది అనడానికీ, అసలు లేదు అనడానికీ మూడింటికీ ఒకటే సున్నా. ఆ సున్నాలన్నీ కలిపి జిల్లా సగటు తీస్తే, మందు అయిపోయిన నెలల్లోనే జిల్లా నీళ్లు బాగుపడ్డట్టు కనబడుతుంది. కొనకుండా ఉండటమే చవకైన వైద్యం అనుకుంటాను.

ఇదంతా అంకెల గొడవ, ముసలావిడకి పనిలేక పట్టుకుంది అనుకుంటారేమో. సాగర్ నీళ్లు తెచ్చే పైపులైను మా ఊరి పొలిమేర దాకా వచ్చింది. ఏయే ఆవాసాలకు ముందు ఇవ్వాలో జాబితా రాసేటప్పుడు ఈ పట్టికే చూశారు. 1.5 దాటినవాటికి ముందు. పక్క ఊరు జాబితాలో ఉంది. మా కాలనీ పచ్చగా ఉంది కాబట్టి లేదు. పచ్చ అంటే మా కాలనీవాళ్లకు ఇప్పుడు ఒళ్లు మండుతుంది. కూలికి పోయి వచ్చిన డబ్బుల్లో రోజూ క్యాన్ కొనేవాళ్లు కొంటున్నారు, లేనివాళ్లు ఆ బోరు నీళ్లే తాగుతున్నారు. వండుకోవడానికి మాత్రం అందరూ అవే.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. మెడ పైకి ఎత్తలేదు. వాన వస్తుందో లేదో చూడాలంటే నులకమంచం మీద వెల్లకిలా పడుకుని చూస్తుంది. నేను చదువు చెప్పిన పిల్లల్లో సగం మందికి పళ్ల మీద గోధుమరంగు గీతలుండేవి. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు సంగతి 1937లో మొదట వైద్యులు రాసింది ఎక్కడి గురించో మీకు తెలిసే ఉంటుంది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న మా ప్రాంతం గురించే. అప్పటికి కంప్యూటర్లు లేవు, పోర్టళ్లు లేవు. ఊరికి వచ్చి, మనుషుల్ని చూసి రాసుకున్నారు.

జల్ జీవన్ మిషన్ పథకం ప్రకారం ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలి. నేర్పారు, కాదనను. మా డ్వాక్రా అమ్మాయిలు ఐదుగురూ చక్కగా నేర్చుకున్నారు. కిట్ తీసి కాలనీ బోరు నీళ్లలో చుక్కలు వేస్తే గులాబీ రంగు పోయి పసుపుకు తిరిగింది, కార్డులో 1.5 గడి దాటిపోయింది. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే. పంపిస్తే “కిట్ లెక్కలోకి రాదు, ల్యాబ్ కన్ఫర్మేషన్ కావాలి” అన్నారు. న్యాయమే. పైగా మా కిట్‌లో మందుసీసా గడువు కూడా నాలుగు నెలల కింద అయిపోయింది, కాబట్టి మా అంకెను నేనే పూర్తిగా నమ్మను. కానీ అనుమానం వచ్చింది కదా, కన్ఫర్మ్ చేయండి అంటే, “ల్యాబ్ రిపోర్టు ఆల్రెడీ ఉంది కదా మేడమ్, 0.85” అన్నారు.

చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం.

మొదటి అర్జీలో చాలా అడిగాను. పైపులైను, ఆర్వో ప్లాంటు, మెడికల్ క్యాంపు. నాలుగో అర్జీకి వచ్చేసరికి ఒకటే మిగిలింది. మళ్లీ ఒక్కసారి ఆ బోరు నీళ్లు పట్టండి. ఒక్క సీసా. మోటారు పది నిమిషాలు తిరిగాక, పైపులో నిలవ నీళ్లు పోయాక, బోరు దగ్గరే సీసా మీద పేరు, తేదీ, టైమ్ రాసి, పట్టినవాళ్లు సంతకం పెట్టి, పక్కన కాలనీవాళ్లు ఒకరు సంతకం పెట్టి తీసుకెళ్లండి. 0.85 వస్తే నేను మీ ఆఫీసు మెట్ల మీద నిలబడి క్షమాపణ చెబుతాను. అలా రాకపోతే ఏం చేయాలో మీకు నేను చెప్పేదాన్ని కాదు. పాత అంకెను చెరిపేయకండి కూడా. దాని పక్కన ‘ఇది ఈ బోరు నీళ్లది కాదు’ అని ఒక మాట రాయండి, చాలు. రేపు ఎవరైనా పదేళ్ల లెక్కలు తీస్తే మోసపోకుండా ఉంటారు. ఆ కుర్రాడి ఫారంలో ‘నీళ్లు రాలేదు’ అని ఒక గడి పెట్టించండి. పెట్రోలు డబ్బులు ఇప్పించండి.

అడిగేది ఒకటే అన్నాను, మూడు నాలుగు అయినట్టున్నాయి. మొదటిదే ముఖ్యం. ఒక్క సీసా.

కాలనీ లైనుకు కరెంటు ఈ నెలలో పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఉంటోంది. స్టార్టర్ తాళంచెవి మా పక్కింట్లో ఉంటుంది. వచ్చేవాళ్లను ఆ వేళలో రమ్మనండి. ప్లాస్టిక్ సీసా మాత్రం వాళ్లనే తెచ్చుకోమనండి, మా దగ్గర క్యాన్‌లు తప్ప ఏమీ లేవు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
కాలనీవాళ్ల తరఫున