మీ ప్లేస్టేషన్ 5 ఎందుకు రాలేదంటే (2021)

అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్న అందరికీ,

రావాల్సిన ప్లేస్టేషన్ 5లు (సోనీ గేమింగ్ కన్సోళ్లు) 40. వచ్చినవి 9. లిస్టులో మొదటి తొమ్మిది మందికి నిన్ననే ఇచ్చేశాం. మిగతా 31 మందికి ఎప్పుడిస్తానో ఇవాళ చెప్పలేను. రెండు నెలలుగా "వచ్చే వారం" అంటూ వచ్చాను. డిస్ట్రిబ్యూటర్ మాటను నా మాటగా మీకు చెప్పడం నా తప్పే.

ఆయన దగ్గర 12 ఏళ్లుగా కొంటున్నాను, ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు. జూన్‌లో 40 ఖాయమని డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. సరుకు దిగే ముందు రోజు ఫోన్ చేసి, మిగతా 31 కావాలంటే ఒక్కోదానికి రెండు కంట్రోలర్లు, ఎవరూ అడగని మూడు గేములు కలిపి కొనాలన్నాడు.

చిప్‌ల కొరత నిజమే. ప్లేస్టేషన్ 5 చిప్, దాని పోటీ అయిన మైక్రోసాఫ్ట్ కొత్త ఎక్స్‌బాక్స్ చిప్, రెండూ ఏఎండీ అనే చిప్ కంపెనీ డిజైన్ చేసినవే. 2021లో రెండూ తైవాన్‌లో చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీ కంపెనీలోనే, ఒకే 7 నానోమీటర్ తయారీ పద్ధతిలో తయారయ్యాయి. కోవిడ్‌తో జనం ఇళ్లకే పరిమితమయ్యాక కంప్యూటర్లకీ, కన్సోళ్లకీ గిరాకీ ఒక్కసారే పెరిగింది. కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. దీనికి నేనెవర్నీ తప్పుపట్టను.

కానీ సరుకు తక్కువైతే ధర పెరగాలి కదా, కన్సోల్‌కి ఎందుకు పెరగలేదు? కంపెనీకి అసలు ఆదాయం తర్వాత కొనే గేముల మీద, సభ్యత్వాల మీద వస్తుంది. 499 డాలర్ల మోడల్ మీద ఇక నష్టం లేదని సోనీ 2021 ఆగస్టులో గానీ చెప్పలేదు. అందుకే ధర పెంచి జనాన్ని దూరం చేసుకోలేదు. ఆ ధరకీ, జనం ఇవ్వడానికి సిద్ధపడే ధరకీ మధ్య ఉన్న తేడాని బాట్‌లతో (ఆన్‌లైన్‌లో మనిషి కంటే వేగంగా ఆర్డర్ పెట్టే ప్రోగ్రాములతో) కొని తిరిగి అమ్మేవాళ్లు మింగుతున్నారు. మా డిస్ట్రిబ్యూటర్ అడిగిందీ అదే, కాకపోతే బండిల్ అని పేరు పెట్టాడు.

ఒప్పుకుంటే 31 మందికీ ఈ వారమే ఇచ్చేవాణ్ణి. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. "తీసుకోండి సార్, కావాల్సినవాళ్లు కొంటారు" అని మా కుర్రాడు కూడా అన్నాడు. కన్సోల్ మీద నాకు మిగిలేది చాలా తక్కువ, ఆ అదనపు ఖర్చు మీ మీదే పడేది. లిస్టులో ఒకాయన కూతురి కోసం నెలనెలా కొంత కడుతున్నారు. ఆయన రసీదు మీద నా చేత్తో రాసిన ధర ఉంది. దాన్ని కొట్టేసి ఇంకో అంకె వేయడానికి నాకు చెయ్యి రాలేదు. వద్దన్నాను. మొండితనం అంటే అననివ్వండి.

స్టాక్ దాచి బయట ఎక్కువకి అమ్ముతున్నానని ఒకరు నలుగురిలో అన్నారట. చాలా బాధేసింది. వచ్చిన తొమ్మిదింటి సీరియల్ నంబర్లు, బిల్లులు కౌంటర్ మీదే ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

అడ్వాన్స్ ఎప్పుడడిగితే అప్పుడు మొత్తం వెనక్కిస్తాను. నా డబ్బు డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇరుక్కుంది, దానికీ మీ డబ్బుకీ సంబంధం లేదు. లిస్టులో వరస మారదు. ఈలోగా కొనే ప్లేస్టేషన్ 4 డిస్కులు దాదాపు అన్నీ, డిస్క్ డ్రైవ్ ఉన్న కొత్తదాంట్లో ఆడతాయి.

ఇంకో డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడాను, బండిల్ లేకుండా ఇస్తానన్నాడు. తేదీ కూడా చెప్పాడు. సరుకు మన షాపులో దిగేదాకా ఆ తేదీ మీకు చెప్పను.