మా ముఖాల మీద ఊరందరి తీర్పులు ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దమనిషి రాసింది చదివాను. ఈ కాలం ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారో పెళ్లికి పోతున్నారో తెలియడం లేదని, లిప్‌స్టిక్ లేకుండా గడప దాటడం లేదని, వెనకటి ఆడవాళ్లు ముఖానికి ఇంత పసుపు రాసుకుని ఎంత నిండుగా ఉండేవాళ్లో అని ఆయన బాధపడ్డారు. దాని కిందనే ఇంకొకరు, తల్లులే పిల్లల్ని చెడగొడుతున్నారని వంత పాడారు. నేను హనుమకొండలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతాను. పొద్దున లేస్తే ఆడవాళ్ల ముఖాలను దగ్గరి నుంచి చూసే పని నాది, అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మేకప్ మీద బతికే మనిషి మేకప్‌ను వెనకేసుకురాక ఏం చేస్తుందని పేజీ తిప్పేయకండి, కొంచెం ఓపికతో చివరిదాకా చదవండి.

కాటుక పెట్టుకోవాలా వద్దా, కనుబొమ్మలు తీయించుకోవాలా వద్దా, నెరిసిన జుట్టుకు రంగు వేయాలా అలాగే ఉంచాలా అన్నది ఆ ముఖం ఎవరిదో వాళ్లు తేల్చుకునే సంగతి. వేసుకునే అమ్మాయిని వద్దనడం ఎంత తప్పో, వద్దనుకునే అమ్మాయిని వేసుకోమని సతాయించడం కూడా అంతే తప్పు. మొదటి తప్పు గురించి అప్పుడప్పుడు ఎవరో ఒకరు మాట్లాడతారు కానీ, రెండోదాన్ని ఎవరూ తప్పు అనుకోనే అనుకోరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇష్టపడి వచ్చేవాళ్లు ఉన్నారు, ఇష్టం లేకున్నా ఎవరో పంపిస్తే వచ్చేవాళ్లూ ఉన్నారు, ఎవరికీ తెలియకుండా వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ రెండో రకం వాళ్లు కుర్చీలో కూర్చునే తీరులోనే తెలిసిపోతుంది. అద్దంలోకి చూడరు, ఫోన్ చూసుకుంటూ ఉంటారు.

థ్రెడింగ్ అంటే తెలియని మగవాళ్ల కోసం చెప్తున్నాను. కూర్చున్న మనిషి రెండు చేతులతో తన కనురెప్పను కిందికి, నుదుటిని పైకి లాగి పట్టుకోవాలి. నేను దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి, మెలి వేసి, ఒక్కొక్క వెంట్రుకను కుదురుతో సహా లాగుతాను. ఎంత అలవాటు ఉన్నవాళ్లకైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు తుడుచుకుంటూ ఒకామె, "అక్కా, మా అత్తమ్మకు తెల్వద్దు, జర మందంగనే ఉంచు" అంటుంది. తను కష్టపడి సంపాదించుకున్న 50, 60 రూపాయలు తన కనుబొమ్మల మీద పెట్టుకోవడానికి ఆమె దొంగతనం చేసినట్టు భయపడాలి. అదే రోజు ఇంకో అమ్మాయి వస్తుంది, ఆమెకు ఈ పని ఇష్టమే ఉండదు, ఆమెను తీసుకొచ్చిన తల్లి మాత్రం "ఆదివారం చూడనీకి వస్తున్నరు, ఫేషియల్ చెయ్యి, బ్లీచ్ కూడా చెయ్యి, జర తెల్లగ అవుపడాలె" అని పక్కనే నిలబడి ఉంటుంది. ఒక అమ్మాయి బ్లీచ్ మంటకు ఓర్చుకోలేక తీసేయమంటే తల్లి, "ఇంకో రెండు నిమిషాలు ఆగు బిడ్డా" అన్నది. నేను తీసేశాను. ఆ తల్లి మళ్లీ నా పార్లర్‌కు రాలేదు, అయినా ఆ విషయంలో నాకు ఏ బాధా లేదు.

ఉద్యోగాల సంగతి చూడండి. మన హనుమకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా ఎన్ని షోరూములు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు ఉన్నాయో మీకు తెలుసు. రిసెప్షన్‌లో, కౌంటర్లలో కూర్చునే అమ్మాయిలను చేరేటప్పుడు "ముఖం నీట్‌గా ఉండాలి" అంటారు. నీట్ అంటే రోజూ ఫౌండేషన్, లిప్‌స్టిక్, నెల తిరగకముందే థ్రెడింగ్ అని చేరాక తెలుస్తుంది. ఆ ఖర్చు యజమాని ఇవ్వడు, ఆ అమ్మాయి జీతంలోంచే పోవాలి. ఒక అమ్మాయికి లిప్‌స్టిక్ పడక పెదవులు పగిలి రక్తం వచ్చింది, అయినా మానేస్తే మేనేజర్ ఏమంటాడోనని పూసుకుంటూనే ఉంది. ఇంకో పక్క ప్రైవేటు బడిలో చదువు చెప్పే టీచర్లను లిప్‌స్టిక్ వేసుకుని రావద్దు, పిల్లలు పాడవుతారు అంటారు. ఒకే బజారులో ఒకచోట వేసుకోకుంటే ఉద్యోగం పోతుందని టెన్షన్, ఇంకోచోట వేసుకుంటే పోతుందని టెన్షన్. ఎక్కడా ఆ ఆడమనిషిని అడిగినవాళ్లు లేరు. శుభ్రంగా ఉండాలి, యూనిఫాం వేసుకోవాలి అంటే అది అందరికీ వర్తించే నియమం, దాన్ని ఎవరూ కాదనరు. పెదవుల రంగు మీద నియమం మాత్రం ఆడవాళ్లకే ఎందుకో ఆ యజమానులు చెప్పాలి.

మగవాళ్లు మాత్రం సెలూన్‌లో గంటసేపు కూర్చుని గడ్డం షేపింగ్ చేయించుకుంటారు, కూతురి పెళ్లి ముందు జుట్టుకు నల్ల రంగు వేయించుకుంటారు. నేను దాన్ని తప్పు పట్టడం లేదు, వాళ్ల ముఖం వాళ్ల ఇష్టం. కానీ వాళ్ల మీద మీ పత్రికకు ఎవరైనా ఉత్తరం రాశారా?

మన సంస్కృతి అంటారు. సింగారం మన సంస్కృతిలో లేదని ఎవరైనా అంటే వాళ్లు ఒకసారి పాలంపేట పోయి రామప్ప గుడి చూసి రావాలి. 1213 నాటి గుడి అది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. స్తంభాల పైభాగంలో ఏటవాలుగా నిలబడ్డ మదనికలు అనే ఆడవాళ్ల శిల్పాల కొప్పులు, నగలు, నడుము పట్టీలు చూడండి, ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కూడా ఉంటాయి. ఎనిమిది వందల ఏళ్ల కింద మన శిల్పులు ఆడదాని సింగారాన్ని గుడి మీదనే నిలబెట్టారు, అదీ నిగనిగలాడే నల్లరాతిలో. పసుపు, సున్నిపిండి, గోరింటాకు, కాటుక, పారాణి ఇవన్నీ కూడా సింగారమే కదా. అమ్మమ్మ పెట్టుకున్న కాటుక పద్ధతి, మనవరాలు పెట్టుకున్న ఐలైనర్ బరితెగింపు ఎట్లా అయితది?

ఇంకో సంగతి ఉంది, దాన్ని రాయడానికి నాకు మనసు బరువుగా ఉంది. మన దగ్గర భర్త పోయిన ఆడవాళ్లకు బొట్టు, గాజులు, పూలు తీసేయించే పద్ధతి ఇంకా చాలా ఇళ్లలో నడుస్తూనే ఉంది. అప్పటిదాకా బొట్టు లేకుండా బయటికి వస్తే "ముఖం బోడిగా ఏందే" అని గదిమిన వాళ్లే దశదిన కర్మ నాడు ఆ బొట్టును చెరిపేస్తారు. బతుకమ్మ ఆడిన తర్వాత గౌరమ్మ పసుపు పుస్తెలకు రాసుకునే వేళ కొందరు ఆడవాళ్లు మెల్లగా పక్కకు జరిగి నిలబడటం పద్మాక్షి గుండం దగ్గర నేను చూశాను. బట్టలు కుట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఒకామె నా దగ్గరికి జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చింది. ఇంటికి పోతే "ఎవల కోసం ఈ సోకులు" అని ఆడిబిడ్డ అడిగిందట. ఆమె మళ్లీ వచ్చినప్పుడు ఆ మాట చెప్పి, "రోజు పదిమంది వస్తరక్కా నా షాపుకు, నేను మంచిగ ఉండొద్దా" అన్నది. పెళ్లికాని పిల్లను, పెళ్లయిన ఆమెను, భర్త పోయిన ఆమెను అందరినీ అదే ప్రశ్న అడుగుతారు, ఎవరి కోసం అని. నా కోసం అని చెప్తే నమ్మేవాళ్లు లేరు.

మేకప్ పని మీద ఆడవాళ్లకు ఎంత అధికారం ఉండేదో చెప్పడానికి ఇంకొకటి చెప్తాను. ముంబయి సినిమా రంగంలో చాలా ఏళ్లపాటు మేకప్ వేసే పని మగవాళ్లదే, ఆడవాళ్లు జుట్టు పనికే పరిమితం కావాలని వాళ్ల సంఘమే నిబంధన పెట్టుకుంది. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు, మరికొందరు సుప్రీంకోర్టుకు పోతే 2014 నవంబరులో కోర్టు ఆ నిబంధన చెల్లదన్నది. ఆడవాళ్ల ముఖానికి రంగు వేసే పని కూడా కోర్టుకు పోయి తెచ్చుకోవలసి వచ్చింది మనకు.

ఆడపిల్లల ముఖాల గురించి నిజంగానే బెంగపడే పెద్దలు ఉంటే వాళ్లు చూడవలసింది లిప్‌స్టిక్ వైపు కాదు. మెడికల్ షాపులో "తెల్లగ అయ్యే క్రీమ్ ఇయ్యి" అంటే ఇచ్చే ట్యూబులు ఉన్నాయి కదా, వాటి వైపు చూడాలి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని పేర్లు చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి. ఎగ్జిమాకో, దద్దుర్లకో డాక్టరు చూసి కొన్ని రోజులకు రాసే మందులు ఇవి. ముఖానికి రోజూ పూస్తే మొదట్లో చర్మం నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి సన్న రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు గుంపులుగా వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఎండకు పోతే మంట. మానేద్దామంటే ముఖం ఇంకా ఉబ్బి ఎర్రగా అవుతుంది కాబట్టి భయపడి మళ్లీ పూస్తారు. అట్లాంటి ముఖాల మీద నేను ఫేషియల్ చేయను, చర్మ డాక్టరు దగ్గరికి పొమ్మని పంపిస్తాను. 2018లో కేంద్రం ఈ రకం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మన ఊళ్లో చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీ విలేకరిని ఒకసారి పంపి చూడండి.

ఇక పేరు ఊరు లేని డబ్బాల్లో వచ్చే తెల్లబరిచే క్రీములు ఇంకా ప్రమాదం. కొన్నింట్లో పాదరసం ఉంటుంది, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. మన 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం కళ్లకు వాడేవి కాక మిగతా వాటిలో పాదరసం పది లక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు, అదీ కావాలని కలిపింది కాకూడదు. డబ్బా మీద తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకుంటే ఎంత చవకైనా కొనొద్దు, మేం కూడా పార్లర్‌లో వాడొద్దు. నాలాంటి పార్లర్ల వాళ్లకు కూడా ఈ మాట చెప్తున్నాను, ఎందుకంటే మనలో కొందరు డబ్బాలోంచి తీసి గిన్నెలో కలిపి "హెర్బల్" అని పూస్తున్నారు.

బొట్టు విషయం కూడా చెప్పాలి. స్టిక్కర్ బొట్టు వెనక జిగురులో వాడే కొన్ని రసాయనాలు కొందరికి పడవు, ఏళ్ల తరబడి అదే చోట అంటిస్తే బొట్టంత మేర చర్మం దురద పెట్టి తెల్లగా పాలిపోతుంది. అప్పుడు చేయవలసింది స్టిక్కర్ మానేసి డాక్టరుకు చూపించడం. కానీ బొట్టు లేకుండా తిరిగితే అరిష్టమంటారని, ఆ మచ్చ కనబడకుండా ఇంకా పెద్ద స్టిక్కర్ అంటించుకున్న వాళ్లను చూశాను. కొన్ని రోజులు నుదురు ఖాళీగా ఉంచుకునే వీలు కూడా ఆమెకు ఇవ్వలేదు మనం. జుట్టు రంగు వేసుకునే ఆడా మగా అందరూ ఒకటి గుర్తు పెట్టుకోండి, నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి ముఖమంతా వాచేలా చేస్తుంది, రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకున్నాకే తలకు పెట్టుకోవాలి.

ఇంతకూ ఈ తెలుపు పిచ్చి పిల్లలకు ఎక్కడి నుంచి వస్తోంది? ఆ పెద్దమనిషి సినిమాలు, ఫోన్లు అన్నారు. నేను మాత్రం, కోపం తెచ్చుకోకండి, మీ ఆదివారం సంచికలో పెళ్లి సంబంధాల పేజీ నుంచి కూడా వస్తోందంటాను. "అమ్మాయి తెల్లగా, సన్నగా, అందంగా ఉండును" అని, "తెల్లని, నాజూకైన వధువు కావలెను" అని వరుసగా అచ్చు వేస్తున్నారు. బ్లీచ్ చేయమని కూతుర్ని తీసుకొచ్చే తల్లులు ఆ పేజీ చదివే వస్తున్నారు. 1975 నుంచి తెలుపు పేరు మీదనే క్రీము అమ్మిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ తన వెబ్‌సైటులో చర్మం రంగును బట్టి సంబంధాలు వెతికే ఏర్పాటు తీసేసింది. వ్యాపారం చేసుకునే కంపెనీలు ఆ మాత్రం కదిలినప్పుడు రోజూ సంపాదకీయంలో స్త్రీ సమానత్వం గురించి రాసే మీరు కదలలేరా?

నేను అడిగేవి రెండే. పెళ్లి ప్రకటనల్లో ఒంటి రంగు రాయనివ్వొద్దని మీ ప్రకటనల విభాగం వాళ్లకు చెప్పండి, చదువు, ఉద్యోగం, వయసు, ఊరు రాసుకోనివ్వండి చాలు. డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఏం చేస్తున్నారో వరంగల్, హనుమకొండ రెండు జిల్లాల్లో అడిగి, వాళ్లు చెప్పింది మా ఉత్తరాల పేజీలో వేయండి. మొదటిది మీ చేతిలోని పనే కాబట్టి, చేస్తారో చేయరో ఈ ఉత్తరం కిందనే జవాబు రాయండి.

ఇట్లు,
ఒక బ్యూటీ పార్లర్ నిర్వాహకురాలు,
హనుమకొండ