కలెక్టర్ గారూ, ఆటలో మా చెల్లెకూ చోటియ్యండి

నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

2022 డిసెంబరులో కేంద్రం వీడియో గేమ్ పోటీలైన ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా పోటీల్లో భాగంగా గుర్తించింది. మరుసటేడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలూ ఇచ్చారు. మన దగ్గర మాత్రం ఇది ఇంకా పోరగాళ్ల ఆటే.

మా చెల్లె బీజీఎంఐ ఆడుతది, ఫోన్ల నలుగురు టీముగా ఆడే తుపాకుల ఆట. మైక్ ఆన్ చేసి "ఎడమపక్క ఇంట్ల ఇద్దరున్నరు" అన్నదో లేదో, ఆడగొంతని పసిగట్టి "పోయి బువ్వొండుకో" అని మొదలుపెడతరు. ఆ తర్వాతి మాటలు ఇక్కడ రాయలేను. ఇప్పుడు అబ్బాయి పేరు పెట్టుకొని, మైక్ బంద్ చేసి ఆడుతోంది. నలుగురూ మాట్లాడుకుంటేనే గెలిచే ఆట అది!

పట్టణంలో ఒక గేమింగ్ సెంటర్‌వాళ్లు పోటీ పెడితే పేరియ్యబోయింది. అమ్మాయిల టీములు లేవన్నరు. అబ్బాయిల టీములో ఆడతానంటే నవ్విండ్రు. వేళ్లతో ఆడేదానికి ఆడామగా ఏంది సార్?

జిల్లా క్రీడల శాఖ పోటీల్లో ఈ-స్పోర్ట్స్ పెట్టి అమ్మాయిలనూ ఆడనియ్యండి. షీ టీమ్స్‌తో కాలేజీల్లో వాయిస్ చాట్ బూతుల గురించీ చెప్పించండి, ఎట్ల రికార్డు చేయాలె, ఎవరికి పంపాలె అని. ఫోన్ గుంజుకుంటరని పిల్లలు ఇంట్ల చెప్పరు.

సోమవారం ప్రజావాణికి ఇద్దరం వస్తున్నం. దరఖాస్తు రాసిపెట్టుకున్నం.

ఇట్లు,
నల్గొండ నుంచి ఒక అక్క